డబుల్ డెక్కర్ రైలులో మెట్లు ఎక్కలేనివారికి చోటెక్కడ?

కృష్ణలంక

సభ్యులందరికీ నమస్కారం. మా అత్తగారికి పక్షవాతం వచ్చి తగ్గింది. మందులతో, వ్యాయామంతో చాలావరకు కోలుకున్నారు గానీ ఎడమ కాలు, ఎడమ చెయ్యి ఇంకా పూర్తిగా స్వాధీనంలోకి రాలేదు. చదునుగా ఉన్న చోట చేతికర్రతో నెమ్మదిగా నడుస్తారు, మెట్లు వస్తే మాత్రం పక్కన మనిషి ఉండాల్సిందే. విశాఖపట్నంలో మా ఆడపడుచు ఇంట్లో శుభకార్యం ఉంది. గుంటూరు నుంచి వచ్చి, విజయవాడలో సాయంత్రం బయలుదేరి, రాత్రికి విశాఖ చేరే ఉదయ్ డబుల్ డెక్కర్ వేళ మాకు బాగా కుదురుతుంది. పగలంతా ఇంట్లో విశ్రాంతి తీసుకుని బయలుదేరవచ్చు, రాత్రంతా బెర్తు మీద దొర్లాల్సిన పని ఉండదు.

అయితే ఆ బండిలో మేమెవరమూ ఎప్పుడూ ఎక్కలేదు. లోపల మెట్లు ఎక్కకుండా, దిగకుండా కూర్చోగలిగే సీట్లు ఉన్నాయా? దారిలో మరుగుదొడ్డికి వెళ్లాల్సి వస్తే ఎలా? ప్రయాణించినవారు, రైల్వేలో పనిచేసినవారు దయచేసి వివరంగా చెప్పండి. ఆవిడ నలుగురిలో ఇబ్బంది పడితే మళ్లీ ఇల్లు కదలరని మా భయం.

అరండల్‌పేట

అమ్మా, కింది అంతస్తులో సీటు తీసుకోండి. మా నాన్నగారిని అలాగే తీసుకువెళ్లాం, పెద్దగా ఇబ్బంది పడలేదు. పై అంతస్తు మాత్రం వద్దు.

కోచ్‌షెడ్డు

నేను బోగీల నిర్వహణ విభాగంలో పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ని. ముందుగా ఈ బోగీ కట్టడాన్ని వివరిస్తాను, ఎందుకంటే మన ఇళ్లలో కింది అంతస్తు అంటే నేల మీద ఉండేది, ఈ బోగీలో అలా కాదు.

కపుర్తలాలోని రైల్ కోచ్ ఫ్యాక్టరీలో తయారైన ఈ ఏసీ డబుల్ డెక్కర్ బోగీ మొదట 2011 అక్టోబరులో హౌరా-ధన్‌బాద్ మధ్య నడిచింది. మన పట్టాల మీద బండి ఎత్తుకు ఒక హద్దు ఉంది, దాన్ని దాటి బోగీని పైకి పెంచడానికి వీల్లేదు. అందుచేత రెండు అంతస్తులు పట్టడానికి, ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య ఉన్న భాగంలో నేలను బాగా కిందికి దించారు. చక్రాలు ఉన్న రెండు కొసల్లో అలా దించలేరు కనుక అక్కడ నేల మామూలు బోగీ ఎత్తులోనే ఉంటుంది. ఎక్కే తలుపులు, మరుగుదొడ్లు ఆ కొసల్లోనే ఉంటాయి. అంటే తలుపు దాటి లోపలికి వచ్చిన మనిషి ఒక మధ్య మట్టంలో నిలబడతాడు. అక్కడి నుంచి పై అంతస్తుకు మెట్లు ఎక్కాలి, కింది అంతస్తుకు మెట్లు దిగాలి. కింది అంతస్తులో కిటికీ పక్కన కూర్చుంటే ప్లాట్‌ఫాం మీద నడిచేవారి కాళ్లు కళ్లకు ఎదురుగా కనబడతాయి. అంత లోతు అన్నమాట.

మీకు పనికొచ్చే సంగతి ఏమిటంటే, ఆ మధ్య మట్టంలో కూడా సీట్లు ఉన్నాయి. ఈ బోగీల్లో ఒక నమూనాలో 120 సీట్లు. పైన 50, కింద 48, మిగిలిన 22 సీట్లు తలుపుల దగ్గర రెండు కొసల్లో కలిపి ఉంటాయి. బండి ఎక్కిన తర్వాత ఒక్క మెట్టు కూడా ఎక్కకుండా, దిగకుండా చేరుకోగలిగేవి ఆ కొసల్లోని సీట్లే. ఉదయ్ రైలులో భోజనాలకు చోటు ఇచ్చిన బోగీల్లో అమరిక కొంత మారుతుంది, కనుక టికెట్ తీసే ముందు ఆ బోగీ సీట్ల పటం చూసి మరీ తీసుకోండి.

ఊతకర్ర

అరండల్‌పేట గారి సలహా మంచి మనసుతో ఇచ్చినదే అయినా దాన్ని నేను ఒప్పుకోలేను. పోలియో వల్ల చిన్ననాటి నుంచి ఒక కాలికి క్యాలిపర్ (కాలు నిలబడేలా కట్టే లోహపు ఊత), చంకలో కర్ర పెట్టుకుని తిరుగుతున్నవాణ్ని. గుంటూరు నుంచి ఉద్యోగరీత్యా తరచూ రైళ్లలో తిరుగుతుంటాను. కింది అంతస్తు సులువని చెప్పేవారు దిగడం గురించే ఆలోచిస్తారు. దిగిన మనిషి మరుగుదొడ్డికి వెళ్లాలంటే మెట్లు ఎక్కాలి, తిరిగి వచ్చేటప్పుడు మళ్లీ దిగాలి, అదీ బండి ఊగుతుండగా. విజయవాడ నుంచి విశాఖకు 350 కిలోమీటర్లు. అంతసేపు బిగపట్టుకుని కూర్చోవడం షుగరు ఉన్నవారికి, పెద్దవయసు వారికి, ఏ ఆడమనిషికైనా ఎంత నరకమో వేరే చెప్పనక్కర్లేదు.

మాలాంటివారు దీనికి కనిపెట్టుకున్న ఉపాయం ఒకటే, ప్రయాణం రోజు పొద్దుటి నుంచి నీళ్లు తాగకపోవడం. నాకు తెలిసిన చాలామంది ఇదే చేస్తారు. ఎండాకాలంలో బెజవాడ ప్లాట్‌ఫాం మీద నిలబడ్డవారికి తెలుస్తుంది అది ఎంత ప్రమాదమో. బోగీ కట్టినప్పుడు మెట్లకూ మరుగుదొడ్డికీ మధ్య ఉన్న సంబంధాన్ని ఎవరో ఒకరు ఆలోచించి ఉంటే ఈ అవస్థ ఉండేది కాదు.

మెట్లు కూడా మన ఇంటి మెట్లలా ఉండవు. ఇరుకు, ఎత్తు ఎక్కువ. కర్రను మెట్టు మీద ఆనిస్తే పక్కన రెండో పాదానికి చోటు చాలదు. నేనైతే కర్రను పైనున్న మనిషికి అందించి, రెండు చేతులతో కమ్మీ పట్టుకుని ఒళ్లు లాక్కుంటూ ఎక్కుతాను. వెనకాల సామాన్లతో పదిమంది నిలబడి ఉంటారు. వారిలో ఎవరూ విసుక్కోకపోయినా ఆ తొందర మన వీపుకు తెలుస్తూనే ఉంటుంది.

కృష్ణలంక గారూ, కోచ్‌షెడ్డు గారు చెప్పిన తలుపు దగ్గరి సీట్లు దొరికితేనే ఈ బండి ఎక్కండి.

వ్యాయామచికిత్స

విజయవాడలో ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను. పక్షవాతం వచ్చినవారి విషయంలో మెట్లకన్నా ముందు చూడాల్సింది కమ్మీ ఏ పక్కన ఉందన్నది. ఎడమ పక్క బలహీనంగా ఉన్న మనిషి కుడి చేత్తోనే పట్టుకోగలరు. ఎక్కేటప్పుడు కుడివైపు ఉన్న కమ్మీ, అదే మెట్ల మీద దిగేటప్పుడు ఎడమవైపుకు వస్తుంది. ఒక పక్కనే కమ్మీ ఉన్న మెట్లు ఇలాంటివారికి ఒక దిశలోనే పనికొస్తాయి. అందుకే రెండు పక్కలా, చేతి పట్టు జారని లావులో, మొదటి మెట్టుకు ముందే మొదలై చివరి మెట్టు దాటాక కూడా కొంత దూరం సాగే కమ్మీలు కావాలని మేము ఎక్కడైనా అడుగుతాం.

రైలు ఎక్కేటప్పుడు అత్తగారి చేత ముందు కుడి కాలు వేయించండి, ఎడమ కాలు దాని పక్కకు వస్తుంది. దిగేటప్పుడు ముందు ఎడమ కాలు దించాలి, ఒంటి బరువు కుడి కాలి మీదే ఉండాలి. సాయం చేసే మనిషి ఎక్కేటప్పుడు ఆవిడకు వెనక, దిగేటప్పుడు ముందు, అంటే రెండు సందర్భాల్లోనూ ఒక మెట్టు కింద ఉండాలి. చెయ్యి పట్టి పైకి లాగవద్దు. పక్షవాతం వచ్చిన పక్క భుజం కీలు వదులుగా ఉంటుంది, లాగితే జారుతుంది. నడుముకు వెడల్పాటి బెల్టు కట్టి దాన్ని పట్టుకోవడం క్షేమం. స్టేషనులో సాయానికి వచ్చే పోర్టర్లకు కూడా ఈ ఒక్క మాట ముందే చెప్పండి, ఎందుకంటే మంచికని వారు చేసే మొదటి పని చెయ్యి అందుకుని లాగడమే.

ఇంకొక విషయం. ఛైర్‌కార్ సీటుకు చేతి ఆనింపు పైకి లేవనిదైతే, చక్రాల కుర్చీలోంచి సీట్లోకి పక్కగా జరగడం కుదరదు, మనిషిని ఎత్తి దాని మీదుగా దాటించాలి. ఆ ఆనింపు మడత పడేలా ఉంటే చాలామంది తమంతట తామే జరగగలరు.

తాడేపల్లి

అందరూ చెప్పింది చదివాక నా సందేహం చెబుతాను. విజయవాడ-విశాఖ మధ్య బండ్లకు కొదవ లేదు. రత్నాచల్ ఉంది, వందే భారత్ ఉంది. వందే భారత్‌లో రెండు కొసల బోగీల్లో చక్రాల కుర్చీకి చోటు, దానికి తగిన మరుగుదొడ్డి కూడా ఇచ్చారు. డబుల్ డెక్కర్ అన్నదే ఎక్కువమందిని కూర్చోబెట్టడం కోసం పుట్టిన బండి. దానికి మెట్లు తప్పవు. మెట్లు లేని బండ్లు ఇన్ని ఉండగా ఈ ఒక్క బండిని మార్చమని అడగడం కన్నా, ఆ బండ్లలో సౌకర్యాలు పెంచమని అడగడం మేలు కాదా? వాదన కోసం అనడం లేదు, ఉన్న డబ్బు ఎక్కడ పెడితే ఎక్కువమందికి ఉపయోగమన్నదే నా ప్రశ్న.

ఊతకర్ర

తాడేపల్లి గారూ, మీరు మర్యాదగానే అడిగారు, నేనూ అలాగే జవాబిస్తాను. ఏ బండి ఎక్కాలో మిగిలినవారు వేళను బట్టి, ఛార్జీని బట్టి, ఆగే స్టేషన్లను బట్టి నిర్ణయించుకుంటారు. నేను మాత్రం మెట్లను బట్టి నిర్ణయించుకోవాలా? రాత్రికల్లా విశాఖ చేరాల్సిన పని నాకూ ఉంటుంది. ఏలూరులోనో సామర్లకోటలోనో దిగాల్సిన పని నాకూ ఉంటుంది. ఇంకొక బండి ఉంది కదా అన్న మాట విని విని ఎన్నో పెళ్లిళ్లకు, ఇంటర్వ్యూలకు, ఆసుపత్రి తేదీలకు వెళ్లలేకపోయినవారు మన విజయవాడ, గుంటూరుల్లోనే వందల మంది ఉన్నారు.

పైగా ఇప్పుడు ఈ మార్గంలో ఉన్న డబుల్ డెక్కర్లు ఒకటి కాదు. తిరుపతి-విశాఖ మధ్య నడిచేది కూడా విజయవాడ మీదుగానే వెళుతుంది. అంతకుముందు 2014లో కాచిగూడ-గుంటూరు మధ్య కూడా ఒకటి నడిపి, ప్రయాణికులు చాలక తీసేశారు. పైన మనుషులు, కింద సరుకు పట్టే డబుల్ డెక్కర్ బోగీని సైతం కపుర్తలాలో రూపొందించారు. అలాంటివి రేపు మన మార్గంలోకి వస్తే, తలుపు దగ్గరి మట్టంలో చోటు ఇవ్వకపోతే మాలాంటివారు ఎక్కడ కూర్చోవాలి? అందుకే ఇది ఒక్క బండి సంగతి కాదంటున్నాను.

నల్లపాడు

మాది గుంటూరు పక్కన నల్లపాడు, ఉద్యోగం సిడ్నీలో. ఈ చర్చ చూశాక రాయకుండా ఉండలేకపోయాను, ఎందుకంటే నేను రోజూ ఎక్కే రైళ్లు అచ్చంగా కోచ్‌షెడ్డు గారు వివరించిన కట్టడమే. ఇక్కడ రెండు అంతస్తుల బోగీలు 1964 నుంచి నడుస్తున్నాయి. తలుపులు కొసల్లో, మధ్య మట్టంలో ఉంటాయి, అక్కడి నుంచి పైకి మెట్లు, కిందికి మెట్లు. అయితే చక్రాల కుర్చీ స్థలం ఆ మధ్య మట్టంలోనే కేటాయించారు, తలుపు దాటగానే పక్కకు తిప్పి నిలుపుకోవచ్చు. ప్లాట్‌ఫాం నుంచి తలుపులోకి గార్డు వచ్చి మడత ర్యాంపు పరుస్తాడు. ఎక్కిన ప్రయాణికుడు ఎక్కడ దిగాలో చెబితే ఆ స్టేషనులో మళ్లీ ర్యాంపు వేస్తారు.

ఇక్కడ ప్లాట్‌ఫాం ఎత్తుకూ బోగీ నేలకూ తేడా తక్కువ, అదే అసలు కీలకం. కర్రతో నడిచేవారు, పిల్లల బండ్లు తోసుకుంటూ వచ్చే తల్లులు, సూట్‌కేసులవాళ్లు అందరూ ఆ మధ్య మట్టంలోనే కూర్చుంటారు, పైకీ కిందికీ కాళ్లు బాగున్నవారు వెళ్లిపోతారు. ఎవరూ దాన్ని ప్రత్యేక సదుపాయంగా చూడరు. రెండు అంతస్తుల రైలు అంటేనే నడవలేనివారికి పనికిరాదు అన్న మాట నిజం కాదని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

రైలుపిచ్చి

నల్లపాడు గారు చెప్పినదానికి రెండు దేశాల అనుభవం కలుపుతాను. అమెరికాలో దూరప్రయాణాలకు నడిచే ఆంట్రాక్ వారి సూపర్‌లైనర్ బోగీలకు తలుపులు కింది అంతస్తులో ఉంటాయి. చక్రాల కుర్చీలో ఉన్నవారికి గది, మరుగుదొడ్డి కూడా కిందే ఇచ్చారు, ఎక్కడం సులువే. కానీ ఒక బోగీలోంచి ఇంకొక బోగీలోకి దారి పై అంతస్తులో మాత్రమే ఉంది. అందువల్ల కింద కూర్చున్న మనిషి భోజనశాలకు వెళ్లలేడు, సిబ్బంది భోజనం గదికే తెచ్చి ఇస్తారు. అంటే బండి ఎక్కగలగడం ఒకటి, బండి అంతటినీ వాడుకోగలగడం ఇంకొకటి. ఉదయ్ రైలులో భోజనాల చోటు గొప్ప ఆకర్షణ అని చెబుతారు కనుక మనం ఈ రెండో సంగతిని కూడా అడగాలి.

స్విట్జర్లాండ్ కథ ఇంకా పాఠం చెప్పేది. అక్కడి ప్రభుత్వ రైల్వే 2010లో కొత్త రెండు అంతస్తుల రైళ్లకు ఆర్డరు ఇచ్చింది. అవి తయారై వచ్చే వేళకు, తలుపుల దగ్గరి వాలు 15 శాతం దాకా ఉందని, చక్రాల కుర్చీలో ఉన్నవారు ఒకరి సాయం లేకుండా ఎక్కలేరు, దిగలేరని దివ్యాంగుల సంఘాల సమాఖ్య న్యాయస్థానానికి వెళ్లింది. ఆ వివాదం ఏళ్ల తరబడి సాగి, 2021 డిసెంబరులో అక్కడి అత్యున్నత న్యాయస్థానంలో ముగిసింది. తీర్పు రైల్వేకే అనుకూలంగా వచ్చింది. తయారైపోయిన బోగీని మార్చడం ఎంత కష్టమో దీన్ని బట్టి తెలుస్తుంది. డబ్బు ఖర్చు కాకముందు, నమూనా కాగితం మీద ఉన్నప్పుడే అడగాలి.

కోచ్‌షెడ్డు

నల్లపాడు గారు ప్లాట్‌ఫాం ఎత్తు గురించి అన్నది అక్షరాలా నిజం. మన దగ్గర ఎత్తు ప్లాట్‌ఫాం అంటే పట్టాల నుంచి 760 నుంచి 840 మిల్లీమీటర్లు. తలుపు దగ్గర బోగీ నేల ఇంచుమించు 1300 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటుంది. తేడా సుమారు అర మీటరు. అందుకే తలుపు కింద ఇనుప మెట్లు ఉంటాయి. చక్రాల కుర్చీకి మన ప్రమాణాలు చెప్పే వాలు పన్నెండుకు ఒకటి. ఆ లెక్కన అర మీటరు ఎక్కడానికి ఆరు మీటర్ల పొడవు ర్యాంపు కావాలి. రెండు నిమిషాలు ఆగే స్టేషనులో ఆరు మీటర్ల పలకను మోసుకొచ్చి, జనం మధ్య అడ్డంగా పరిచి, మళ్లీ తీయడం జరిగే పని కాదు. పొట్టి ర్యాంపు వేస్తే వాలు నిటారుగా తయారై కుర్చీ వెనక్కి దొర్లుతుంది.

కనుక మన పరిస్థితికి తగినది చేత్తో తిప్పి లేపే చిన్న లిఫ్టు. చక్రాల మీద తోసుకుంటూ తలుపు ముందుకు తెచ్చి, కుర్చీని దాని పలక మీదికి ఎక్కించి, పిడి తిప్పితే మనిషి కుర్చీతో సహా బోగీ నేల ఎత్తుకు వస్తాడు. దానికి కరెంటు అక్కర్లేదు, ఏ తలుపు దగ్గరికైనా తీసుకెళ్లవచ్చు. అయితే అది కూడా బోగీ తలుపు వెడల్పు మీద ఆధారపడి ఉంటుంది. కుర్చీ తేలిగ్గా దూరడానికి 900 మిల్లీమీటర్ల ఖాళీ కావాలి. మామూలు బండ్లకు చివర కలిపే దివ్యాంగుల బోగీ తలుపు అందుకే వెడల్పుగా కడతారు. డబుల్ డెక్కర్‌కు కూడా కనీసం ఒక్క బోగీలో ఒక కొసన అలాంటి తలుపు పెట్టి, ఆ కొసన ఉన్న సీట్లలో కొన్ని తీసేసి కుర్చీకి చోటు, పక్కనే వెడల్పాటి మరుగుదొడ్డి ఇస్తే ఎక్కే సమస్య, కూర్చునే సమస్య, మరుగుదొడ్డి సమస్య ఒకేచోట తీరతాయి. బండి మొత్తం మీద పోయే సీట్లు చాలా స్వల్పం.

తాడేపల్లి గారు అడిగిన డబ్బు ప్రశ్నకు కూడా ఇందులో జవాబు ఉంది. పాత బోగీని కోసి మళ్లీ కట్టడం ఖరీదే, కానీ సీట్ల కేటాయింపు మార్చడానికి పైసా అక్కర్లేదు.

బ్రాడీపేట

సీట్ల కేటాయింపు గురించే నేను రాయాలనుకుంటున్నాను. చట్టం ప్రకారం 40 శాతం వైకల్యం ఉన్నట్టు ధ్రువపత్రం ఉంటేనే చాలా సౌకర్యాలు వర్తిస్తాయి. రైల్వే రాయితీకి ఆ పైన కూడా వేరే షరతులు, వేరే కార్డు ఉన్నాయి. మోకాళ్లు అరిగిన మా అమ్మకు అలాంటి కాగితం ఏదీ లేదు. వయోవృద్ధుల రాయితీ 2020 మార్చిలోనే ఆగిపోయింది. నెలలు నిండుతున్న గర్భిణి, తుంటి ఎముక విరిగి కట్టు విప్పించుకున్న మనిషి, డయాలసిస్ చేయించుకుని తిరిగి వస్తున్న మనిషి, వీరిలో ఎవరికీ ధ్రువపత్రం ఉండదు, కానీ మెట్లు అందరికీ అడ్డే. వీరి సంఖ్య ధ్రువపత్రం ఉన్నవారికన్నా ఎంతో ఎక్కువ.

ఆ తలుపు దగ్గరి సీట్లు ముందుగా ధ్రువపత్రం ఉన్నవారికి, ఆ తర్వాత అరవై ఏళ్లు దాటినవారికి, గర్భిణులకు ఇచ్చి, మిగిలితేనే అందరికీ ఇవ్వాలని అడగడంలో కష్టమేమీ లేదు. స్లీపర్ బోగీల్లో పెద్దవారికి కింది బెర్తులు ఇచ్చే ఏర్పాటు ఇలాంటిదే.

అరండల్‌పేట

బ్రాడీపేట గారి మాట నాకు నచ్చింది గానీ ఒక అనుమానం. తలుపు దగ్గరి సీట్లంటే మనుషులు నిత్యం అటూ ఇటూ తిరిగే చోటు. మరుగుదొడ్డి వాసన, తలుపు తీసినప్పుడల్లా వేడిగాలి. పెద్దవారిని అందరినీ తీసుకెళ్లి అక్కడే కూర్చోబెట్టడం బాగుంటుందా?

ఊతకర్ర

వాసన గురించి మీరు చెప్పింది సరైనదే, దానికి మందు శుభ్రత, సరిగా మూసుకునే తలుపు. మాకు కావాల్సింది ఆ సీటు అడిగి తీసుకునే వీలు. ఎవరికి అక్కర్లేదో వారు పైకో కిందికో వెళ్లవచ్చు, బలవంతం ఎవరి మీదా వద్దు.

నిర్వాహకులు

చర్చ చక్కగా సాగుతోంది. టికెట్ ధరల మీద, ఇతర రైళ్ల ఆలస్యాల మీద వచ్చిన వ్యాఖ్యలను వేరే శీర్షిక కిందికి మార్చాం. అందరూ ఇక్కడ ఈ విషయానికే కట్టుబడవలసిందిగా కోరుతున్నాం.

చట్టపరిధి

గుంటూరులో న్యాయవాదిని. చట్టం గురించి కొంత చెబుతాను. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో 41వ సెక్షను రవాణాకు సంబంధించినది. బస్‌స్టాపులు, రైల్వేస్టేషన్లు, విమానాశ్రయాల్లోనే కాక, వాహనాల్లో కూడా అందరూ వాడుకోగలిగే ఏర్పాటు ఉండాలని అది చెబుతుంది. పాత వాహనాలను సైతం మార్చాలంటుంది. అయితే సాంకేతికంగా వీలైతే, క్షేమమైతే, ఖర్చు భరించదగినదైతే, కట్టడంలో పెద్ద మార్పులు అవసరం లేకపోతే అని నాలుగు మినహాయింపులు కూడా అక్కడే ఉన్నాయి. డబుల్ డెక్కర్ గురించి అడిగినప్పుడు వచ్చే మొదటి జవాబు ఈ మినహాయింపుల నుంచే వస్తుంది. అందుకే మనందరం కలిసి రైల్వేకు ఒక విన్నపం పంపుదాం, అందులో కట్టడం మార్చనక్కర్లేని కోరికలను విడిగా, కొత్త బోగీల కోరికలను విడిగా రాయాలి. మొదటివాటికి ఆ మినహాయింపులు అడ్డురావు.

సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న రాజీవ్ రతూరి కేసులో ఇచ్చిన తీర్పు కూడా మనకు అండగా ఉంది. ఆ చట్టం కింద 2017లో చేసిన నియమాల్లో 15వ నియమం సౌలభ్య ప్రమాణాలను సలహాల స్థాయిలోనే వదిలేసిందని, అది చట్టం ఉద్దేశానికి విరుద్ధమని కోర్టు తేల్చింది. తప్పక పాటించాల్సిన కనీస ప్రమాణాలను మూడు నెలల్లో రూపొందించాలని కేంద్రాన్ని ఆదేశించింది. ఇకపై వీలుంటే చేస్తాం అన్న జవాబు చాలదు.

విన్నపం ఎవరికి పంపాలన్నది తర్వాతి ప్రశ్న. స్టేషనులో లిఫ్టు, చక్రాల కుర్చీ వంటివి డివిజన్ స్థాయిలో తేలే విషయాలు, కనుక విజయవాడ, గుంటూరు డివిజన్ల డీఆర్‌ఎం (డివిజనల్ రైల్వే మేనేజరు) కార్యాలయాలకు పంపాలి. బోగీ కట్టడం, సీట్ల కోటా రైల్వే బోర్డు చేతిలోవి. రైల్వే కేంద్రప్రభుత్వానిది కనుక రాష్ట్ర కమిషనర్‌కు కాక, ఢిల్లీలోని దివ్యాంగుల ముఖ్య కమిషనర్‌కు ఫిర్యాదు చేయాలి. ఆయన సిఫారసు చేస్తే సంబంధిత శాఖ మూడు నెలల్లో చర్య తీసుకుని తెలియజేయాలి, ఒప్పుకోకపోతే కారణం చెప్పాలి. అది 76వ సెక్షను. వ్యక్తిగతంగా ఎదురైన ఇబ్బందులను రైల్వే ఫిర్యాదుల వెబ్‌సైటు రైల్‌మదద్‌లోనో 139కి ఫోను చేసో తప్పక నమోదు చేయండి, రేపు మన విన్నపానికి ఆ ఫిర్యాదు సంఖ్యలే ఆధారాలవుతాయి.

తాడేపల్లి

కోచ్‌షెడ్డు గారి వివరణ చూశాక నాకు తృప్తిగా ఉంది. ఖర్చు లేని కోరికలు ముందు పెట్టడం న్యాయం. ఒకటి చేర్చమంటాను. ఇలాంటి ప్రయాణికులు ముందుగా తెలియజేసిన రోజున ఆ బండిని విజయవాడలో వీలైనంతవరకు ఒకటో నంబరు ప్లాట్‌ఫాం మీదికి తీసుకురావాలి. వంతెన ఎక్కే పని, లిఫ్టు దగ్గర బారులో నిలబడే పని తప్పుతుంది. ఒకవేళ కుదరకపోతే ప్లాట్‌ఫాం నంబరు కనీసం అరగంట ముందు ఆ ప్రయాణికుడి ఫోనుకు పంపాలి. చివరి నిమిషంలో ప్లాట్‌ఫాం మార్చామన్న ప్రకటన వింటే మనం పరుగెత్తుతాం, కర్రతో ఉన్న మనిషి పరుగెత్తలేడు.

కృష్ణలంక

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. మీ మాటల ప్రకారం సీట్ల పటం చూసుకుని, తలుపు దగ్గరి సీట్లు రెండు ఖాళీగా ఉన్న రోజు చూసి టికెట్ తీసుకున్నాను, శుభకార్యానికి ఒక రోజు ముందే వెళుతున్నాం. వ్యాయామచికిత్స గారు చెప్పినట్టు ఇంటి గడప దగ్గర కుడి కాలు ముందు, ఎడమ కాలు ముందు అని రోజూ అలవాటు చేయిస్తున్నాం. స్టేషనులో చక్రాల కుర్చీ కూడా ముందుగా అడిగి ఉంచాం. అత్తగారు అడిగిన ప్రశ్న ఒకటుంది. ఆ సీట్లు ఎక్కడున్నాయో టికెట్ మీదే రాస్తే ఇంతమందిని అడగాల్సిన పని ఉండేదా అని. నాకు జవాబు దొరకలేదు. దీన్ని కూడా విన్నపంలో చేర్చండి.

చట్టపరిధి

తప్పక చేరుస్తాను. ఇప్పటివరకు వచ్చినవాటిని కలిపి రాసిన ముసాయిదా ఇది, దిద్దుబాట్లు ఉంటే చెప్పండి.

డబుల్ డెక్కర్ బోగీల్లో తలుపు దగ్గరి మధ్య మట్టంలో ఉన్న సీట్లను గుర్తించి, ధ్రువపత్రం ఉన్న దివ్యాంగులకు, ఆ తర్వాత వయోవృద్ధులకు, గర్భిణులకు, తాత్కాలికంగా నడవలేని స్థితిలో ఉన్నవారికి ముందుగా కేటాయించవలసిందిగా కోరుతున్నాం. టికెట్ తీసుకునేటప్పుడు పై అంతస్తు, కింది అంతస్తు, మధ్య మట్టం అని ఎంచుకునే వీలు కల్పించి, అదే టికెట్ మీద ముద్రించాలి. లోపలి మెట్లకు రెండు పక్కలా కమ్మీలు, మెట్టు అంచున చీకట్లో కూడా కనబడే పసుపు గీత ఏర్పాటు చేయాలి. విజయవాడ, గుంటూరు, ఏలూరు, రాజమహేంద్రవరం, సామర్లకోట, విశాఖపట్నం స్టేషన్లలో చేత్తో తిప్పే లిఫ్టులు ఉంచి, వాటిని నడపడం సిబ్బందికి నేర్పాలి. ఇకపై తయారుచేసే ప్రతి డబుల్ డెక్కర్ రైలులో కనీసం ఒక బోగీకి వెడల్పాటి తలుపు, చక్రాల కుర్చీకి చోటు, దానికి తగిన మరుగుదొడ్డి, భోజనాల చోటుకు మెట్లు లేని దారి ఉండాలి. నమూనా ఖరారు కాకముందే దివ్యాంగుల సంఘాల ప్రతినిధులను పిలిచి చూపించాలి.

వ్యాయామచికిత్స

మధ్య మట్టంలోని సీట్లకు పైకి మడిచే చేతి ఆనింపు కావాలన్నది రాలేదు. అలాగే నమూనాను చూపించడం అంటే బొమ్మ చూపించడం కాదని, అసలు కొలతల్లో చెక్కతో కట్టిన బోగీ ముక్కలోకి చక్రాల కుర్చీతో, కర్రతో, క్యాలిపర్‌తో మనుషులు ఎక్కి దిగి చూసే అవకాశమని స్పష్టంగా రాయండి.

చట్టపరిధి

రెండూ చేర్చాను. సంతకం చేయదలచినవారు నిర్వాహకులకు విడిగా సందేశం పంపితే చాలు. సోమవారం గుంటూరు కార్యాలయంలో నేనే స్వయంగా ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకుని ఆ ప్రతిని ఇక్కడ ఉంచుతాను. విజయవాడ కార్యాలయానికి వెళ్లగలిగేవారు ఒకరు ముందుకు రావాలి.

ఊతకర్ర

విజయవాడకు నేను వెళతాను.